జనానా గేరు

రోడ్డు సైకిలు కొనబోయే పిల్లలు ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోను చేసి నన్ను అడుగుతుంటారు. "అన్నా, కాంపాక్టు వేయించుకోవాల్నా, స్టాండర్డు ఉంచుకోవాల్నా?" సైకిలంగడి పని మానేసి ఇంట్లో కూర్చున్నా నా మాటకు ఇంకా కాస్త విలువుందని లోపల సంతోషంగానే ఉంటుంది. మీ ఊరి చుట్టూ కొండలున్నాయా, మీ మోకాళ్ళు ఎట్లున్నాయి అని ఎదురు ప్రశ్నలు వేస్తాను. చివరికి కాంపాక్టే వేయించుకోమంటాను. ఎందుకని అడిగితే మాత్రం ఫోనులో చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలియని వాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. పెడళ్ళు బిగించే ఇనుప చేతులు రెండు, వాటితో పాటు తిరిగే పళ్ళ చక్రాలు, ఇవన్నీ కలిపి క్రాంకు సెట్టు. రోడ్డు సైకిలుకు ముందు వైపు రెండు చక్రాలుంటాయి. పెద్దదానికి యాభై మూడు పళ్ళు, చిన్నదానికి ముప్పై తొమ్మిది ఉంటే అది స్టాండర్డు. యాభై, ముప్పై నాలుగు ఉంటే కాంపాక్టు. పళ్ళు తగ్గితే తొక్కడం తేలిక, వేగం కొద్దిగా తగ్గుతుంది. చదును నేల మీద పందేలు తొక్కేవాడికి స్టాండర్డు బాగానే ఉంటుంది. మాది కడప. ఏ దిక్కుకు పోయినా కాసేపటికి కొండ అడ్డం వస్తుంది, కొండ లేనిచోట ఎదురుగాలి వస్తుంది. మైదుకూరు రోడ్డు ఒకటి చదునుగా ఉంటుంది గానీ, ఎండాకాలంలో దాని మీద దోసెలు పోసుకోవచ్చు.

నేను కమలాపురం పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. మా నాయన కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. నేను కడపకు వచ్చి సైకిలంగట్లో చేరాను, అక్కడే తల నెరిసింది. చేరినప్పుడు అన్నీ పాలవాళ్ళ నల్ల సైకిళ్ళు. తర్వాత పిల్లల రంగుల బండ్లు వచ్చాయి. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో డాక్టర్లు, బ్యాంకువాళ్ళు, ఇంజనీర్లు పొద్దున్నే బిగుతు చొక్కాలు తొడుక్కొని వచ్చి గేర్లు, బరువులు అని మాట్లాడే రోడ్డు సైకిళ్ళు వచ్చాయి. మా ఇద్దరు ఫిట్టర్లకూ మళ్ళీ బడికి పోయినట్టయింది.

రెండో ఫిట్టరును అందరం భాయ్ అనే పిలిచేవాళ్ళం. నాకంటే పెద్దవాడు, నాకు పని నేర్పినవాడు. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత పదును. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. కాంపాక్టు క్రాంకు మా అంగట్లోకి మొదటిసారి వచ్చిన రోజు దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇది జనానా గేరప్పా" అన్నాడు. ఆడవాళ్ళదన్నమాట. ఆ పేరు అంగట్లో అట్లాగే స్థిరపడిపోయింది. ఎవరైనా పెద్దమనిషి వచ్చి కాంపాక్టు అడిగితే భాయ్ తల కూడా ఎత్తకుండా, "మీకా సార్, ఇంట్లో అమ్మగారికా?" అనేవాడు. పాపం ఆ పెద్దమనిషి మొహం ఎర్రగా చేసుకొని స్టాండర్డే తీసుకొని పోయేవాడు. నెల తిరక్కముందే మోకాలికి పట్టీ కట్టుకొని వచ్చేవాడు. నేను వెనక నిలబడి వద్దు వద్దని ఎన్ని సైగలు చేసినా ఎవరూ చూసేవాళ్ళు కాదు.

ఒక్కసారి మాత్రం ఆయనకే తిరుగుదెబ్బ తగిలింది. కోయిలకుంట్ల వైపు రైతుల ఇంటి ఆడపడుచు, మా ఊళ్ళో బ్యాంకు ఆఫీసరు, సైకిలు కొనడానికి వచ్చింది. కాంపాక్టు కావాలన్నప్పుడు భాయ్ నవ్వాడు. ఆమె కూడా నవ్వి, "జనానాకు జనానా గేరు కాకపోతే ఇంకేం వేస్తావు భాయ్? కొండ మీద నీకంటే ముందుంటే సాలు గదా" అంది. ఆ రోజంతా మేము ఆయన్ను వదల్లేదు. ఓనరు కూడా లెక్కలు చేసుకుంటూ మధ్య మధ్యలో నవ్వాడు.

నాది కాంపాక్టే. ఎవరో మార్చి పారేసిన ముక్కలతో కట్టుకున్న సైకిలు. భాయ్‌దీ అట్లా కట్టుకున్నదే, కాకపోతే దానికి స్టాండర్డు. నాకు ఆదివారం చర్చి, ఆయనకు శుక్రవారం నమాజు, మిగిలిన రోజులన్నీ అంగడి. ఇద్దరికీ కుదిరేది అమావాస్య ఒక్కటే. మా ఓనరు వాళ్ళ తాత కాలం నుంచి అమావాస్య నాడు అంగడి తెరవరు, కొత్త పని ముట్టుకోరు. ఊరంతా మంచి రోజు కాదని ఇంట్లో కూర్చుంటే మేమిద్దరం రాయచోటి రోడ్డు పట్టేవాళ్ళం, గువ్వలచెరువు ఘాటు ఎక్కడానికి. "అమావాస్య నాడు లారీలోళ్ళు గూడా బండి కదిలించరప్పా, ఘాటంతా మనదే" అనేవాడు. ఆయన సీటు మీద నుంచి లేచి నిలబడి, ముప్పై తొమ్మిది పళ్ళ మీద ఒళ్ళంతా ఊపుతూ ఎక్కేవాడు. నేను కూర్చొని నిదానంగా తిప్పుకుంటూ పోయేవాణ్ణి. పైకి చేరేసరికి ఆయన కోవా అంగడి ముందు బెంచీ మీద కూర్చొని తినేస్తుండేవాడు. "వచ్చినావా కోడలా, రా, కూర్చో" అనేవాడు. కోవా అంగడాయన ప్రతి అమావాస్యకూ చూసే సంగతే అయినా ప్రతిసారీ నవ్వేవాడు.

అట్లాంటి మనిషి ఒక రోజు ఎడమ పెడలు మర చెడగొట్టాడు.

ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది, కుడిదానికి ఎటు తిప్పితే బిగుస్తుందో దీనికి అటు తిప్పితే వదులవుతుంది. పనిలో చేరిన కొత్తలోనే నేర్చుకునే పాఠం ఇది. నాకు నెత్తిన మొట్టి నేర్పింది ఆయనే. ఒక కాలేజీ లెక్చరరు కొత్త సైకిలుకు పెడలు పెడుతూ భాయ్ దాన్ని అడ్డంగా ఎక్కించి, బలవంతంగా తిప్పి, క్రాంకు మర మొత్తం కొరికేశాడు. కుడిచేతిని కళ్ళ ముందు పెట్టుకొని చాలాసేపు చూశాడు. ఓనరు కోప్పడలేదు. "కండ్లద్దాలు మార్చుకో భాయ్" అన్నాడంతే. "అద్దాలే" అని భాయ్ ఒప్పుకున్నాడు. అందరం అద్దాలే అనుకున్నాం, అనుకోవడం మాకు సులభం కాబట్టి.

తర్వాత స్పానరు జారి కింద పడడం మొదలైంది. నడుస్తుంటే కుడికాలి చెప్పు ఊడి వెనకే ఉండిపోయేది, ఆయనకు తెలిసేది కాదు. ఎవరైనా "భాయ్, చెప్పు" అంటే వెనక్కి వచ్చి తొడుక్కునేవాడు, నవ్వేవాడు. చివరికి ఆయన భార్య, మా భాభీ, పోరి పోరి ఆయన్ను బెంగళూరు తీసుకుపోయింది. తిరిగి వచ్చిన రోజు అంగడి వెనక నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"నరాలు మాట ఇనేది మానేసినాయంట అప్పా. మొదట చేతులు, కాళ్ళు. తర్వాత మాట. తర్వాత ఊపిరి గూడా అంట."

"మందు?"

"ల్యాదంట. ధైర్యంగా ఉండమన్నారు. ఉండా గదా, ఇదో, నీ ముందర."

టీ తెస్తానని లేచి పోయి, టీ అంగడి గోడ వెనక నిలబడి ఏడ్చాను. టీ చల్లారిపోయాక తెచ్చిచ్చాను. ఆయన ఆ చల్లటి టీ మొత్తం తాగాడు.

కొన్నాళ్ళకు, నేనొక చక్రం సరిచేస్తుంటే వచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపు చక్రం తిరగడం చూశాడు.

"నా బండికి జనానా వెయ్యప్పా" అన్నాడు.

ఈ మాట ఆయన నోట వినాలని ఎన్నేళ్ళు కాచుకొని ఉన్నానో! అన్న రోజున అంగట్లో అందరికీ మిఠాయి పంచాలని, ఆయన్ను కోడలా అని పిలవాలని, ఇంకా ఏవేవో అనుకున్నాను. తీరా అన్నాక, ఈ మాట అనకుండా ఉండి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. పాత పొగరుతో నన్ను తిట్టి, ముప్పై తొమ్మిది మీదే ఎగిరెగిరి తొక్కుతూ ఉంటే చాలు, నేను జన్మంతా ఓడిపోయి ఉండడానికి సిద్ధమే.

"నవ్వవేమప్పా? గెలిచినావు గదా" అన్నాడు.

"ఇప్పుడెందుకు భాయ్?"

"ఒక్కసారి ఘాటు ఎక్కాల. నా కాళ్ళతో. తర్వాత ఎట్లయినా కానీ. పాత గేరుతో అయితే నా చేత గాదు, మొన్న రిమ్స్ రోడ్డు వంతెన కూడా ఎక్కల్యాకపోయినా."

అదీ ఆయన కోరిక. పైకి ఎక్కడం కాదు, తన కాళ్ళతో ఎక్కడం. ఆ తేడా నాకు స్పష్టంగా చెప్పాడు, మధ్యలో తోయొద్దన్నాడు.

ఇక ఏ క్రాంకు తెప్పించాలనేది. మీరు చాలామంది అడిగే ప్రశ్నే, పళ్ళ చక్రం ఒక్కటే మార్చుకుంటే పోదా అని. పోదు. స్టాండర్డు క్రాంకుకు బోల్టులు దూరం దూరంగా ఉంటాయి, ముప్పై నాలుగు పళ్ళ చిన్న చక్రం వాటిని అందుకోదు. మొత్తం సెట్టు మార్చాల్సిందే. నేను ఒక అడుగు ముందుకు పోయి, ముందువైపు మూడు చక్రాలుండేది వేద్దామా, ఇంకా తేలిగ్గా ఉంటుంది అన్నాను. భాయ్ నావైపు చూశాడు. "దానికంటే పక్కన ఇంకో రెండు చక్రాలు తగిలించి పసిపిల్లోల బండి చెయ్యి. జనానా దాకా దిగినా, సాలు." ఆ పట్టుదల చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కాంపాక్టే ఖాయం చేశాం. వెనక మాత్రం పళ్ళు పెరిగితేనే తేలిక, అందుకని పెద్ద పళ్ళ చక్రమున్న గుత్తి వేద్దామంటే ఒప్పుకున్నాడు.

బెంగళూరు బస్సులో పార్సిలు వచ్చింది. డబ్బా విప్పగానే క్రాంకు చేతిని బొటనవేలితో తడిమి, "పొట్టి చేతులవి తెప్పించినావే" అన్నాడు. పెడలు తిరిగే వలయం చిన్నదైతే మోకాలు అంత పైకి లేపక్కర్లేదని అట్లా చేశాను. ఆయనకు చెప్పలేదు, ఆయన తెలుసుకున్నాడు. పాతది ఊడదీసి కొత్తది పెట్టేటప్పుడు స్టూలు మీద కూర్చొని నన్ను తిడుతూనే ఉన్నాడు, గ్రీజు ఎక్కువైందని, గుడ్డ మురికిదని. చివరి బోల్టు తాను బిగిస్తానన్నాడు. స్పానరు చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకొని లాగాడు. కదల్లేదు. ఇంకోసారి లాగాడు. అంగట్లో ఇద్దరు కస్టమర్లు చూస్తున్నారు. ఆయన నా వైపు చూడకుండా స్పానరు వెనక్కి ఇచ్చాడు. నేను బిగించాను. ఇన్నేళ్ళ పనిలో అంత బరువుగా ఏ బోల్టూ బిగించలేదు.

"ఎండలు తగ్గనీ భాయ్, చలికాలం రాగానే పోదాం" అన్నాను.

"అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతాదా?" అన్నాడు. సామెతకు సామెత, ముహూర్తానికి ముహూర్తం. నవ్వొచ్చింది, వెంటనే ఆయన ఆ మాట ఎందుకన్నాడో అర్థమై ఆగిపోయింది.

అమావాస్య నాడు తెల్లవారుతుండగా ట్రాలీ ఆటోలో రెండు సైకిళ్ళూ ఎక్కించాం. ఘాటు మొదలయ్యేదాకా ఆటో, అక్కడి నుంచి కాళ్ళు. బయల్దేరేటప్పుడు భాభీ గుమ్మంలో నిలబడి, "పడితే ఎవరు లేపుతారు తమ్ముడూ?" అంది. నేనుంటా భాభీ అన్నాను. "ఎక్కనీ, ఎక్కకపోనీ, మనిషిని ఇంటికి తీసుకరా" అంది. భాయ్ ఆమెను గదమాయించాడు, కానీ ఆ గదమాయింపులో కూడా అప్పటికే మాట కాస్త ముద్దగా వస్తోంది.

కొండ కింద ఆయన్ను సైకిలెక్కించి, కుడికాలు జారిపోకుండా పెడలుకు తోలుపట్టీ వేశాను. ఆటో డ్రైవరు దీపాలు వెలిగించుకొని మా వెనకే వస్తానన్నాడు. భాయ్ ముందు, నేను కొంచెం వెనక. పెడలు మొదటి చుట్టు తిరిగింది, రెండోది తిరిగింది. రోడ్డు పైకి లేచింది. మొదటి మలుపు దగ్గర ఆయన తల తిప్పకుండానే అరిచాడు.

"చెయ్యి తియ్యప్పా! తోయొద్దని చెప్పినా గదా!"

"నేను తోయల్యా భాయ్. ఈడ ఉండా, వెనక."

తల తిప్పి చూశాడు. నిజంగానే నేను అందనంత దూరంలో ఉన్నాను. ముందు నమ్మలేదు, తర్వాత గట్టిగా నవ్వాడు, ఆ కొండంతా వినిపించేట్టు. "అరె, ఇంత సులువా ఇది! ఇన్ని దినాలు నువ్వు దీని మీద కూర్చొని వచ్చి, నా ముందర ఆయాసపడినట్టు నటించినావురా!" అన్నాడు. ఆ నవ్వు వినడానికైనా ఆ క్రాంకు తెప్పించడం మంచిదైందనుకున్నాను.

మధ్యలో రెండు చోట్ల ఆగాం. దిగి వస్తున్న లారీ ఒకటి బ్రేకుల కమురు వాసన వదిలి పోయింది. నీళ్ళు తాగించాను. మళ్ళీ ఎక్కించాను. అక్కడి నుంచి నవ్వు లేదు, మాట లేదు. కుడికాలు ఊరికే పెడలుతో పాటు తిరుగుతోంది, పని మొత్తం ఎడమకాలిదే. పైమలుపు కనిపించేసరికి పెడలు ఆగి ఆగి తిరుగుతోంది. సైకిలు రోడ్డుకు అడ్డంగా ఊగింది. ఇక అంతకంటే చిన్న గేరు లేదు, ముందూ లేదు, వెనకా లేదు. ఇంకొక్క చుట్టు ఆగితే పడిపోతాడు.

పక్కకు చేరి ఆయన వీపు మీద అరచెయ్యి పెట్టాను. చొక్కా చెమటకు తడిసి ఉంది, లోపల ఎముకలు తగిలాయి. తోశాను. నన్ను తిడతాడని, చెయ్యి విదిలిస్తాడని భయపడ్డాను. ఆయన ఏమీ అనలేదు. తల వంచుకొని తొక్కుతూనే ఉన్నాడు. ఆయాసంలో తెలియలేదులే, చర్మం కూడా మొద్దుబారి ఉంటుందిలే అనుకున్నాను. ఘాటు పైకి చేరి రోడ్డు చదునయ్యాక మెల్లగా చెయ్యి తీసేసి వెనక్కి తగ్గాను.

కోవా అంగడి ముందు దించితే బెంచీ మీద కూలబడ్డాడు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. కోవా చిన్న చిన్న ముక్కలు చేసి నోట్లో పెట్టాను.

"ఒక్కడివే ఎక్కినావు భాయ్" అన్నాను.

నా ముఖంలోకి చూశాడు. "ఊ" అన్నాడు. కాసేపయ్యాక, "ఇంగ దాన్ని జనానా అనొద్దు ఎవరూ" అన్నాడు.

"ఏమనాల మరి?"

"గేరు అనండప్పా. ఉత్త గేరు."

ఆ తర్వాతి అమావాస్యకు ఆయన మంచం దిగలేదు. మాట పోయింది. నేను పోయి పక్కన కూర్చొని అంగడి కబుర్లు చెప్పేవాణ్ణి, ఎవరు ఏ సైకిలు కొన్నారు, ఎవరి మోకాలు పోయింది అని. కళ్ళతో నవ్వేవాడు. ఒకనాడు ఆ కళ్ళు కూడా మూసుకున్నాయి. ఓనరు అమావాస్య కాని రోజున అంగడి మూయడం నేను చూసింది అదొక్కసారే.

నలభయ్యో నాటి భోజనానికి భాభీ కబురు పెట్టింది. తిన్నాక, అందరూ పోయాక నన్ను ఆగమంది. ఘాటు దినం సంగతి చెప్పు తమ్ముడూ అంది. చెప్పాను. మొదటి మలుపు దగ్గర ఆయన నవ్వడం, బెంచీ మీద కోవా తినడం, అన్నీ. "ఎవరి సాయమూ లేకుండా ఎక్కినాడు భాభీ, ఒక్కడే" అన్నాను.

భాభీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాకు చెప్పినాడులే తమ్ముడూ, ఆ పొద్దు రాత్రే. పైన నువ్వు చెయ్యేసినావంట గదా. వాని చెయ్యి నాకు తెలీదా, అన్నాడు. మరి అప్పుడే అడగల్యాకపోయినావా అంటే, అడిగితే తీసేస్తాడు, అందుకే గమ్మునుండినా, అన్నాడు."